కర్త లేని అద్దె: స్థిరాస్తి ప్రకటనల భాషపై ఒక పరిశీలన

తెలుగులో ఇవాళ భూమిని గురించి అన్నిటికన్నా ఎక్కువగా అచ్చవుతున్న రచన ఏదంటే, అది కథా కాదు, నవలా కాదు. స్థిరాస్తి వ్యాపార ప్రకటన. మనం వేసే కథాసంకలనం అయిదు వందల ప్రతులు అమ్ముడుపోవటానికి అయిదేళ్ళు పడుతుంది. పొద్దున దినపత్రిక మడత విప్పగానే జారిపడే రంగుల కరపత్రం ఒక్క పూటలో నరసరావుపేటలో ప్రతి అరుగు మీదకూ చేరుతుంది. బస్సుల వెనక, బైపాసు పక్క పొలాల్లో ఇనప చట్రాల మీద, టీ కొట్టు రేకు మీద, ఇప్పుడు ప్రతివాడి జేబులోని ఫోనులోనూ అదే రచన. భూమి గురించి ఇంతమంది చదివేది మరొకటి లేనప్పుడు, అది మన స్థాయికి తగదని విమర్శకుడు పక్కకు తప్పుకోవటం ఒకరకం మడి కట్టుకోవటమే.

వ్యాపార ప్రకటన సాహిత్యమా కాదా అన్న చర్చలోకి నేను దిగబోవటం లేదు. సాహిత్యం చేసే పనులు కొన్ని అది చేస్తుంది. లేని లోకాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. చదివేవాడిలో ఒక కోరికను, దాని వెనకే ఒక భయాన్ని పుట్టిస్తుంది. ఆ పని ఏ సాధనాలతో చేస్తున్నదో, ఎవరి ప్రయోజనం కోసం చేస్తున్నదో చూడటం విమర్శ బాధ్యత. ఇక్కడ ఇళ్ళ స్థలాల ప్రకటనల్ని పక్కన పెట్టి వాణిజ్య స్థలాల ప్రకటనల్నే తీసుకుంటున్నాను. అంటే కాంప్లెక్సులో షాపులు, ఆఫీసు గదులు, రోడ్డు మొగాన ఉండే కమర్షియల్ బిట్లు. ఇంటి స్థలం కొనేవాడికి ఎంత దురాశ ఉన్నా తల దాచుకునే అవసరం ఒకటి అందులో కలిసి ఉంటుంది. షాపు కొనే ఉద్యోగికి షాపు పెట్టే ఉద్దేశం లేదు. వాడు కొనేది గోడల్ని కాదు, నెలనెలా వచ్చే అద్దెను. మధ్యతరగతి కోరిక ఇక్కడ ముసుగు లేకుండా దొరుకుతుంది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ఈ రచనలో నాకూ చెయ్యి ఉంది. కొన్నేళ్ళ కిందట పరీక్ష పేపర్లు కంపోజు చేయించటానికి ఒక డీటీపీ సెంటరుకు వెళ్ళాను. అక్కడి కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. “మాస్టారూ, ఒక్కసారి తప్పులు చూసిపెట్టండి” అని ఒక కరపత్రం ప్రూఫు చేతికిచ్చాడు. ఊరి చివర కట్టబోయే ఒక వాణిజ్య సముదాయం తాలూకుది. ఎర్రసిరా పెన్ను తీశాను. ‘అభివృద్ది’కి ఒత్తు సరిచేశాను, ‘హామి’కి దీర్ఘం ఇచ్చాను, ఒకచోట వాక్యం కుంటుతుంటే దాని నడక సరిచేశాను. అందులోని అబద్ధం జోలికి మాత్రం పోలేదు. అది ప్రూఫు దిద్దేవాడి పని అనిపించలేదు. తరువాత మా బడిలో రిటైరైన ఒక పెద్దాయన ఆ సముదాయంలోనే తన సొమ్ము పెట్టాడు. కరపత్రాన్ని మడతపెట్టి డైరీలో దాచుకున్నాడు. నేను నడక సరిచేసిన వాక్యాన్ని ఆయన ఒకరోజు నాకే చదివి వినిపించాడు.

ఆ రోజు నుంచి ఈ కరపత్రాల్ని పారేయకుండా కట్ట కట్టి పెడుతున్నాను. ఈ వ్యాసానికి ఆధారం ఆ కట్టే.

ఈ ప్రకటనలకు ఆయువుపట్టు ‘రాబోయే’ అన్న మాట. రాబోయే రింగు రోడ్డు, రాబోయే రైల్వే స్టేషను, రాబోయే విశ్వవిద్యాలయం. ‘రింగు రోడ్డు వస్తుంది’ అంటే అది వాక్యం. ఎప్పుడు వస్తుంది, ఎవరు వేస్తారు, ఎవరు చెప్పారు అని నిలదీయటానికి వీలుంటుంది. రాకపోతే చెప్పినవాడు బొంకినట్టు. ‘రాబోయే రింగు రోడ్డు’ వాక్యం కాదు. బడిలో పిల్లలకు ధాతుజ విశేషణమని మనం చెప్పే రూపం. అది ఏ సంగతినీ ప్రకటించదు, నామవాచకానికి ఒక గుణాన్ని తగిలిస్తుంది, అంతే. ‘నల్ల గేదె’ అన్నప్పుడు గేదె ఉందా అని ఎవరూ అడగరు, నలుపు గురించే ఆలోచిస్తారు. ‘రాబోయే రోడ్డు’ అన్నప్పుడు కూడా రోడ్డు ఉండనే ఉందని చెవి ఒప్పుకుంటుంది, రావటం ఒక్కటే ఆలస్యం. తెలుగు భాషలోని ఈ సదుపాయాన్ని మన కవులకన్నా వెంచర్ల వాళ్ళు బాగా కనిపెట్టారు.

అయితే రాబోయేవన్నీ కల్పనలేనని కొట్టిపారేస్తే మన విమర్శ తేలిపోతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినప్పుడు పల్నాడుకు కుడి కాలువ ‘రాబోయే’ కాలువే. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం కొంత మేర పూర్తయింది. సుమారు 190 కిలోమీటర్ల అమరావతి ఔటర్ రింగు రోడ్డు ప్రణాళికలో మన జిల్లా పల్లెలూ ఉన్నాయి. ప్రకటన బలం ఈ సగం నిజంలోనే ఉంది. రోడ్డు వేసేది ప్రజల సొమ్ముతో. కలెక్టరాఫీసు తెచ్చేది ప్రజల సొమ్ముతో. వాటివల్ల పెరిగే విలువను, అవి రాకముందే, పక్కనున్న ప్రైవేటు స్థలం ధరలోకి వంపుకోవటమే ‘రాబోయే’ చేసే పని. రోడ్డు అందరిదీ, ‘రాబోయే’ మాత్రం వెంచరు యజమానిది.

దూరాన్ని నిమిషాల్లో చెప్పటం రెండో పద్ధతి. మన పెద్దలు ఆమడలు, కోసులు అన్నారు, తరువాత మైళ్ళు, కిలోమీటర్లు వచ్చాయి. అవన్నీ నేలను కొలిచే మాటలు. కరపత్రం నేలను కొలవదు. రాజధానికి ఇన్ని నిమిషాలు, జాతీయ రహదారికి ఇన్ని నిమిషాలు అంటుంది. ఎవరి నిమిషాలు అవి? తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద కారు తోలుకుపోయేవాడివి. మాచర్ల నుంచి గురజాల మీదుగా బస్సులో నిలబడి వచ్చేవాడి గంటలకు ఈ లెక్కలో చోటు లేదు. కొలమానంలోనే వర్గం ఉంది.

ఇక్కడ శ్రీనాథుడు గుర్తుకు రాక మానడు. పల్నాడును ఎత్తిపొడిచిన చాటువులు ఆయన పేర ప్రచారంలో ఉన్నాయి. మా ప్రాంతం వాళ్ళం వాటిని తలచుకుని నొచ్చుకుంటూనే మురుస్తూ ఉంటాం. ఎందుకంటే ఆ తిట్టులో నేల ఉంది. రాయి ఏ రకం రాయో, తిండి ఏ గింజతోనో, తాగే నీరు ఏ వాగుదో, వచ్చి తిరిగి చూసినవాడికి తప్ప తెలియని వివరం ఉంది. ఊరి పేరు చెరిపి చదివినా అది పల్నాడే. కరపత్రం పల్నాడును ఆకాశానికెత్తుతుంది. అందులో ఊరి పేరు చెరిపితే అది షాద్‌నగర్ కావచ్చు, భోగాపురం కావచ్చు. బొమ్మలో అద్దాల మేడ ముందు కాగితపు సంచులు పట్టుకుని నడిచే మనుషులు ఈ దేశం వాళ్ళలాగే ఉండరు. ఆటో స్టాండు లేదు. పంక్చరు కొట్టు లేదు. మిరప టిక్కీల లారీ లేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ము ఒక్క ఆకు మీదా లేదు. తెలిసి తిట్టినవాడికీ తెలియక పొగిడినవాడికీ ఉన్న తేడా ఇది. నా మటుకు నాకు ఆ తిట్టే మర్యాదగా తోస్తుంది.

అమరావతి పేరుకు పట్టిన గతి కూడా ఇలాంటిదే. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ నూరింటిలో ఉన్న ఊరు, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు, నేటి పల్నాడు జిల్లాలో ఉంది. దాని పేరు పెట్టుకున్న రాజధాని గుంటూరు జిల్లాలో ఉంది. ‘అమరావతికి చేరువలో’ అన్న మాటకు ఈ గందరగోళం ఎంతో అనుకూలం. ఏ అమరావతికి చేరువో కొనేవాడే ఊహించుకోవాలి. శంకరమంచి కథల మీద అభ్యుదయ విమర్శకులకు ఫిర్యాదులున్నాయి, నాకూ ఉన్నాయి. ఊరిలోని వైరుధ్యాల్ని ఆయన జ్ఞాపకాల పొగమంచులో మెత్తబరిచాడు. కాని ఆ కథల్లో పేరుకు ఒక ఊరుంది. ప్రకటనలో పేరే సరుకు.

ఇక అసలు విషయానికి, అద్దెకు వస్తాను.

ఈ కరపత్రాలన్నీ చెప్పేది ఒకటే, అద్దె వస్తుందని. నెలనెలా వస్తుంది, నిశ్చింతగా వస్తుంది, మీరు కదలనక్కర్లేకుండా వస్తుంది. ‘వచ్చు’ అకర్మక క్రియ. వాన వస్తుంది, జ్వరం వస్తుంది, పండగ వస్తుంది. అద్దె కూడా అలాగే, ప్రకృతి ధర్మంలాగా వస్తుంది. ‘అద్దె కడతాడు’ అనాల్సి వస్తే కట్టేవాడొకడు కావాలి. వాడికి పేరుండాలి, వాడు చేసే వ్యాపారం ఉండాలి, వ్యాపారం సాగని నెలలు ఉండాలి. అందుకే నా కట్టలోని ఏ కరపత్రంలోనూ అద్దె కట్టే మనిషి లేడు. అద్దె ఉంది, కర్త లేడు.

ఇది కొత్త వ్యాకరణమేమీ కాదు. పట్నంలో కాపురమున్న భూస్వామి ‘ఈ ఏడు గింజలు బాగా వచ్చాయి’ అనేవాడు. ఎవరు దున్నితే, ఎవరు నాటితే, ఎవరు కోస్తే వచ్చాయో ఆ వాక్యానికి అక్కరలేదు. పండించినవాడి శ్రమను మాయం చేసే ఆ పాత వాక్యాన్నే నేటి ప్రకటన రంగులేసి మనకు అమ్ముతున్నది. ఒక్కటే తేడా. అప్పుడు ఆ వాక్యం పలకటానికి వందల ఎకరాలుండాలి. ఇప్పుడు పీఎఫ్ సొమ్ముతో రెండు వందల చదరపు అడుగులు కొంటే చాలు, గుమాస్తా కూడా భూస్వామి వాక్యం పలకవచ్చు. ప్రకటన అమ్మేది ఈ పలుకుబడినే.

భూమి ధర అంటే రాబోయే కౌలును పెట్టుబడిగా మార్చి కట్టిన లెక్క తప్ప వేరేమీ కాదని మార్క్సు ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో వివరిస్తాడు. లండనులాంటి పెరిగే నగరాల్లో కట్టడాల వ్యాపారి గురి ఇంటి మీద కాదు, దాని కింది నేల మీద వచ్చే కౌలు మీదేనని కూడా అక్కడే అంటాడు. మన కరపత్రాలు ఈ సూత్రాన్ని తలకిందులుగా ప్రయోగిస్తాయి. నిజమైన అద్దెను బట్టి ధర కట్టటానికి బదులు, కావలసిన ధరను బట్టి అద్దెను సృష్టిస్తాయి.

లెక్క వేసి చూద్దాం. కాగితం మీద 200 చదరపు అడుగుల షాపు, ధర 20 లక్షలు అనుకుందాం. నెలకు 12 వేలు అద్దె మూడేళ్ళపాటు మాదే పూచీ అంటారు. ఏడాదికి 1 లక్షా 44 వేలు, అంటే పెట్టిన సొమ్ము మీద నూటికి 7 రూపాయల 20 పైసలు. చూడటానికి సబబుగానే ఉంది. కాని ఆ వీధిలో నిజంగా వ్యాపారం చేసుకునేవాడు అంత చోటుకు 6 వేలకన్నా ఇవ్వలేడనుకోండి. అదే వడ్డీ లెక్కన ఆ షాపు విలువ 10 లక్షలే. మూడేళ్ళలో అమ్మినవాడు అద్దె పేర చెల్లించేది మొత్తం 4 లక్షల 32 వేలు. అది చెల్లిస్తానన్న మాట మీద అతను అదనంగా రాబట్టింది 10 లక్షలు. కొన్నవాడి సొమ్ములోంచే తీసి, కొన్నవాడికే నెలనెలా ఇచ్చి, ‘అద్దె వస్తున్నది’ అనిపిస్తాడు. చాలాచోట్ల ఈ అద్దె పునాదులు పడకముందే మొదలవుతుంది. ఇంకా కట్టని గదిలో కాపురమున్నదెవరు అని ఎవరూ అడగరు. డబ్బు బ్యాంకులో పడుతున్నప్పుడు ప్రశ్న పుట్టదు.

ఆ 200 అడుగుల్లో షట్టరు లోపల కాలు మోపే చోటెంత, మెట్లకూ వరండాకూ లిఫ్టుకూ పోయేదెంత అన్నది మరో కథ. ‘అవిభాజ్య వాటా’ అన్న మాట ఇంకా విచిత్రం. నీ ఆస్తే, కాని ఫలానా గోడ నీదని చూపించటానికి వీల్లేని ఆస్తి. మా పెద్దాయన ఒకసారి నన్ను వెంటబెట్టుకుని చూపించబోయాడు. రెండో అంతస్తులో స్తంభాలు మాత్రమే లేచి ఉన్నాయి. అక్కడో ఇక్కడో తేల్చుకోలేక, బొగ్గుతో గీసిన గీతల మధ్య కాసేపు అటూ ఇటూ తిరిగి, “ఈ పక్కనే ఎక్కడో మాస్టారూ” అన్నాడు. అప్పటికి అద్దె ఆగి ఎనిమిది నెలలైంది.

చట్టం లేదా అంటే, ఉంది. ఈ విషయంలో ఆ చట్టం మన విమర్శకన్నా ముందుంది కూడా. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, జనం రెరా అంటున్నది, ప్రకటన అంటే ఏమిటో నిర్వచించింది. నోటీసు, కరపత్రం, ఏ రూపంలో ఉన్న ప్రచారమైనా ప్రకటనే. షాపు, ఆఫీసు, షోరూము, గోడౌను అన్నీ దాని లెక్కలో ‘అపార్ట్‌మెంటు’ నిర్వచనం కిందికే వస్తాయి. చట్టం పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును నమోదు చేయించకుండా ప్రకటించకూడదు. ప్రకటనలో నమోదు సంఖ్య, అథారిటీ వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా ఉండాలి. ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి బయానా తీసుకోకూడదు. తప్పుడు ప్రకటనను నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవాడు పరిహారం అడగవచ్చు, వద్దనుకుంటే సొమ్ము వడ్డీతో తిరిగి తీసుకోవచ్చు. అంటే పన్నెండో సెక్షను ప్రకటనలోని ప్రతి విశేషణాన్నీ వాక్యంగా చదువుతుంది, దానికి కర్తను వెతికి పట్టుకుంటుంది. ఇంత మంచి విమర్శ సూత్రం అలంకార శాస్త్రాల్లో నాకు కనిపించలేదు. నేను ఎర్రసిరాతో దిద్దిన కరపత్రంలో ఆ సంఖ్య లేదు. అది లేకపోవటం తప్పని నాకు అప్పుడు తెలియదు. ఒత్తు లేకపోవటం తెలిసింది.

చట్టం ఏజెంటు కూడా నమోదు కావాలంటుంది. ఇక్కడ మన వర్గం సంగతి వస్తుంది, దీన్ని దాటవేయటానికి వీల్లేదు. ఈ ప్రకటన నడిచేది రంగుల కాగితం మీద కాదు, నమ్మకం మీద. ఆ నమ్మకాన్ని మోసుకుపోయేది బడిపంతులు, ఎల్‌ఐసీ ఏజెంటు, పోస్టాఫీసు గుమాస్తా. పిల్లల తండ్రి పంతులు మాట కాదనడు. మా స్టాఫ్ రూముల్లో జీతాల సవరణ మీద జరిగే చర్చకన్నా బిట్ల మీద జరిగే చర్చ పొడుగు. నమోదైన ఏజెంటు మాత్రం నాకు వాటిలో తారసపడలేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ డబ్బు గానీ స్థలం గానీ ఇస్తామని సుమారు 32 లక్షల మంది నుంచి 6 వేల కోట్లకు పైగా వసూలు చేసి 2014–15 నాటికి చేతులెత్తేసినప్పుడు, జనం నిలదీసింది ఎక్కడో ఉన్న డైరెక్టర్లను కాదు, పక్కింటి ఏజెంటును. ఆ ఏజెంట్లలో, డిపాజిటర్లలో ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు కట్టినవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి చెల్లించింది. ప్రైవేటు ప్రకటనలోని మాటను చివరికి ప్రజల సొమ్ము తీర్చవలసి వచ్చింది. సినిమా హీరోల సంగతి చెప్పనక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు స్థిరాస్తి సంస్థల కేసులో, వాటి ప్రకటనల్లో కనిపించిన ఒక హీరోకు ఎన్‌ఫోర్స్‌మెంటు డైరెక్టరేటు నోటీసిచ్చింది. గిరీశం వెంకటేశాన్ని నమ్మించటానికి తన నోటినే వాడుకున్నాడు. ఇప్పుడు నోరొకరిది, మాట ఒకరిది.

అమరావతి రైతుల సంగతి ఈ అద్దె కథకు మరో కొస. రాజధానికి 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించినప్పుడు, 4,840 గజాల ఎకరానికి బదులుగా జరీబు భూమికి 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. మెట్టకు వాణిజ్య స్థలం 250 గజాలు. నిన్నటిదాకా అరటి, కూరగాయలు పండించినవాడు కాగితం మీద ఒక్కసారిగా వాణిజ్య స్థల యజమాని అయ్యాడు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2024లో ప్రభుత్వం మారి, 2025 మే 2న పనుల పునఃప్రారంభం జరిగింది. ఈ పదేళ్ళూ ఆ 450 గజాల ధర పత్రికల్లో పెరుగుతూ తరుగుతూ ఉంది, స్థలం మాత్రం గడ్డి పెంచుకుంది. గడువు తీరాక తిరిగి ఇస్తామన్న భూమి ఇవ్వకపోవటం మీదే కదా పల్నాటి యుద్ధం జరిగింది! మాచర్ల వాళ్ళు వనవాసం ముగించుకుని వచ్చి తమ భాగం అడిగారు. అప్పుడు కారెంపూడి దాకా పోయింది, ఇప్పుడు కోర్టుల దాకా. రైతుకైనా ఏడాదికి కౌలు పేర కొంత సొమ్ము, పేరుకో ప్లాటు ఉన్నాయి. భూమిలేని కుటుంబానికి మొదట నిర్ణయించిన పింఛను నెలకు 2,500. కౌలుదారుకు ఆ గజాల్లో భాగమే లేదు. ఆ స్థలాల ప్రకటనల్లో వీళ్ళిద్దరూ ఎందుకు కనిపించరో వేరే చెప్పాలా?

మన రచయితలు ఈ వస్తువును ముట్టుకోలేదని నేననను. నేను చదివిన రియల్ ఎస్టేటు కథలు తక్కువేమీ కాదు. వాటిలో చాలావాటికి ఒకే అచ్చు. ముసలి తండ్రి పొలం గట్టు మీద కూర్చుని మట్టి వాసన చూస్తాడు. కొడుకు అమ్ముదామంటాడు. మెడలో గొలుసు వేసుకున్న బ్రోకరు వస్తాడు. చివర చింతచెట్టో వేపచెట్టో కూలుతుంది, దానితో తండ్రీ కూలుతాడు. భూమి తల్లి, అమ్మినవాడు ద్రోహి, కొన్నవాడు రాక్షసుడు. ఈ కథలు చదివి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. కాని ఆలోచిస్తే, ఇవి ప్రకటనకు జవాబు కావు, దానికి జోడు. ప్రకటన భూమిని కోరికగా మారుస్తుంది, కథ దాన్ని కన్నీరుగా మారుస్తుంది. రెండిట్లోనూ భూమి మీద బతికే మూడోవాడు లేడు. ఆ తండ్రి పొలాన్ని కౌలుకు చేసినవాడెవడు? ఆ పొలంలో లేచిన కాంప్లెక్సులో షట్టరు తీసి కూర్చునేదెవరు?

పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ‘మాలపల్లి’ రాశాడు. అది పల్నాటి అడవిలో మేత మీద పన్ను కట్టబోమన్న ఉద్యమం. 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసిన ఉద్యమం. ఆ నవలలో కూలి ఎంతో, ఎవరు ఎవరికి ఇవ్వలేదో స్పష్టంగా ఉంటుంది. 1964లో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో ఒక అప్పు లెక్కనే కథా నిర్మాణంగా నిలబెట్టాడు. అక్కడ ఊరు బాగుపడుతుంది, రోడ్లొస్తాయి, వ్యాపారం పెరుగుతుంది. ఆ బాగులోనే అప్పల్రాముడి భూమి కరిగిపోతుంది. ఎవరూ రాక్షసులు కారు. శ్రీరాములునాయుడు మంచివాడే, అందుకే ఆ కథ అంత భయంకరం. మన కాలపు ‘రాబోయే’ గురించి రాయదలచిన యువ రచయిత పొలం గట్టు కథల్ని కాదు, ‘యజ్ఞం’ను ముందు పెట్టుకోవాలని నా అభిప్రాయం. గొలుసు వేసుకున్న బ్రోకరును పక్కనపెట్టి, రిటైరైన పంతుల్ని, ఆయనకు షాపు చూపించిన జూనియర్ పంతుల్ని, ప్రూఫు దిద్దిన నాలాంటివాణ్ణి తీసుకుంటే కథలో రాక్షసుడు దొరకడు. లెక్క దొరుకుతుంది.

అద్దె కట్టే మనిషినీ వెతకాలి. నేను ఒకర్ని ఎరుగుదును. పల్నాడు రోడ్డుకు దగ్గరలో ఒక గదిలో జాకెట్లు కుట్టే ఆవిడ. జిల్లా వచ్చిన ఏడాది ఊరంతా సంబరం చేసుకున్నాం. ఆ ఏడే గది యజమాని అద్దె రెట్టింపు అడిగాడు. యజమాని దుర్మార్గుడు కాదు, ఆయనా ఒక రిటైరైన ఉద్యోగే. పక్క కాంప్లెక్సు కరపత్రంలో అడుగుకు ఎంత అద్దె అని ఉందో అదే ఆయన అడిగాడు. కట్టని గది అద్దె, కరపత్రంలోని అద్దె, అలా నిజమైన గదికి వచ్చి తలుపు తట్టింది. ఆవిడ మిషను తీసుకుని ఇంటి వరండాలోకి వెళ్ళిపోయింది. ఎన్ని జాకెట్లు కుడితే ఒక నెల అద్దె అవుతుందో ఆవిడ వేళ్ళ మీద లెక్క చెప్పింది నాకు. ఆ లెక్క ఏ కరపత్రంలోనూ లేదు, ఏ కథలోనూ ఇంకా చదవలేదు.

చివరగా మన ఇంటి సంగతి. మహాసభలప్పుడు మనం వేసే ప్రత్యేక సంచికల చివరి అట్ట మీద ఏముంటున్నదో సభ్యులందరికీ తెలుసు. 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకున్న ఉద్యమానికి వారసులమని లోపలి పేజీల్లో రాసుకుంటాం. వెనక అట్ట మీద అద్దాల మేడ మెరుస్తుంటుంది. ఆ అట్ట లేకపోతే కాగితం ఖర్చు రాదన్న మాట నిజం. నేను కార్యవర్గంలో ఒక చిన్న ప్రతిపాదన పెట్టాను. ప్రకటనలు తీసుకునే మన ఫారంలో రెరా నమోదు సంఖ్యకు ఒక గడి చేర్చాలి, గడి ఖాళీగా ఉంటే ప్రకటన తీసుకోకూడదు. అలా అయితే చివరి అట్ట ఖాళీగానే పోతుందని కోశాధికారి అన్నారు. ఖాళీ అట్ట మీద ఏం వెయ్యాలన్న దాని మీద అరగంట చర్చ జరిగింది. ప్రతిపాదన వచ్చే సమావేశానికి వాయిదా పడింది.